కిటికీ మీద గీయని గీతలు

అరకు బస్సులో ఒక అమ్మాయికి మైక్రో ఎకనామిక్స్ పాఠం చెప్పానని మా క్లాసులో ఏటా చెబుతుంటాను. ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో గీతలు గీసి ఆమె సందేహం తీర్చానంటాను. పిల్లలు ముచ్చటగా వింటారు. అది అబద్ధం.

డుంబ్రిగుడలో ఎక్కిన ఆ అమ్మాయి నా పక్కన కూర్చుని పుస్తకం తెరిచింది. "నేను చెప్పే సబ్జెక్టే" అన్నాను గొప్పగా.

"దేవుడిలా దొరికారు సార్! రేపే యూనివర్సిటీలో పరీక్ష. ఈపాలి తప్పితే సదువు మానేసి కాఫీ తోటకి వచ్చేమన్నాడు మా అయ్య. ఈ ఉదాసీనతా రేఖలు ఒకదాన్నొకటి ఎందుకు ఖండించుకోవు సార్? ఎంత సదివినా బుర్రకెక్కట్లేదు."

రెండు నిమిషాల పని. కానీ సెలవు రోజున కూడా పాఠమా అనిపించింది. "తలనొప్పిగా ఉందమ్మా" అని కళ్ళు మూసుకున్నాను.

ఘాట్ రోడ్డు మలుపుల్లో నా తల కిటికీ ఊచకు కొట్టుకుంటోంది. కాసేపటికి అక్కడ మెత్తగా తగిలింది. ఆమె తన శాలువా మడిచి పెట్టింది. తర్వాత గొంతు బాగా తగ్గించి అదే పేజీ మళ్ళీ మళ్ళీ చదువుకుంది. తప్పుగా అర్థం చేసుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

దిగేటప్పుడు కండక్టరుతో, "సారుకి ఒంట్లో బాగోలేదన్నా. ఆరి స్టాపొస్తే లేపండి" అంది.

"శాలువా ఒగ్గేస్తన్నావేటి గుంటా?"

"లాగితే లెగిసిపోతారన్నా. ఉండనీండి."

నేను అప్పుడు కూడా కళ్ళు తెరవలేదు.