అద్దం పక్కన మామ

మొన్న పొద్దున నగరి నుంచి ఫోను వచ్చింది. మా మామ పోయాడు. నాకు మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా ఆయనే. బతుకంతా పవర్‌లూమ్ మగ్గాల షెడ్డులో గడిపాడు. ఆ చప్పుడుకు చెవులు మందగించి, ఆయన గుసగుసలాడితే వీధి చివరిదాకా వినపడేది.

షెడ్డులో మాటలు పనికిరావు. అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. లోపలికి వచ్చే పిల్లలకు మొదట నేర్పే సైగ, రెండు చేతులూ గుండెల మీద కట్టుకోవడం. దేన్నీ ముట్టవద్దని అర్థం. "నడిసే మగ్గానికి సుట్టరికం తెలీదప్పా" అనేవాడు మామ.

నేను మగ్గం వదిలి, హార్బరులో ఓడల అడుగున మరమ్మతులు చేసే డైవర్నయ్యాను. నన్ను చూసిపోదామని మామ వచ్చిన రోజే, లోతు నుంచి తొందరగా పైకి రావాల్సి వచ్చింది. రక్తంలో గాలి బుడగలు కట్టి నడుము కింద స్పర్శ పోయింది. గాలి ఒత్తిడితో ఆ బుడగలు కరిగించే పెద్ద ఛాంబరున్న ఆసుపత్రి చెన్నైలో ఉంది. అక్కడిదాకా మోసుకెళ్ళే గొట్టంలాంటి చిన్న ఛాంబరులో నన్ను పడుకోబెట్టి, మూత బిగించి, గాలి ఒత్తిడి పెంచి బండిలోకి ఎక్కించారు. దారిలో ఒత్తిడి తగ్గితే బుడగలు మళ్ళీ ఉబ్బుతాయి, ఇక కాళ్ళు రావు అన్నారు.

తడ దగ్గర లారీలు ఆగిపోయి మా బండీ ఇరుక్కుంది. లోపల ఒకటే ఉక్క. మాట్లాడే వైరు పనిచేయలేదు. తల పక్కన గాలి వదిలే వాల్వు ఉంది, ప్రాణం మీదికి వస్తే తప్ప ముట్టవద్దన్నారు. ఊపిరి అందక, నా ప్రాణం మీదికి వచ్చిందనే నమ్మాను. చెయ్యి దాని మీద పడింది.

అప్పుడు గొట్టానికున్న చిన్న అద్దంలోంచి, నాతోపాటు బండెక్కిన మామ ముఖం కనపడింది. అరవలేదు. రెండు చేతులూ గుండెల మీద కట్టుకున్నాడు. షెడ్డులో పెరిగిన నా చేతులు నన్నడక్కుండానే వెనక్కి వచ్చి కట్టుకున్నాయి. భయం మాత్రం పోలేదు, ఏడుస్తూనే ఉన్నాను. నేను విప్పుతానేమోనని ఆయన చెన్నైదాకా తన చేతులు విప్పలేదు. కుదుపుల్లో దేన్నీ పట్టుకోక, తల కమ్మీకి కొట్టుకొని నుదురు బొప్పి కట్టింది. తర్వాత అడిగితే, "నువ్వు నడిస్తే సాలబ్బా, బొప్పిదేముండాది" అన్నాడు.

మొన్న బస్సు దిగి ఆయన ఇంటికి నడిచే వెళ్ళాను. వీధిలో మగ్గాలన్నీ ఆపేశారు. మామను అద్దాల ఐసుపెట్టెలో పడుకోబెట్టారు. ఈసారి లోపల ఆయన, బయట నేను. ఎవరో కుర్చీ వేశారు, కూర్చోలేదు. అద్దానికి దగ్గరగా, ఆయన ముఖానికి ఎదురుగా నిలబడి చేతులు కట్టుకున్నాను. మూత తీసేదాకా విప్పలేదు.