జల్వా అద్దం ముందు

మా పూర్వీకుల్లో ఒకాయన ఆర్కాటు నవాబు కొలువులో కోటను కాచే కిల్లేదారు. ముత్తాత చిత్తూరులో ఖాజీ. ఆయన ముద్ర లేనిదే చుట్టుపక్కల ఏ నిఖా కాగితమూ చెల్లేది కాదు. తాత మసీదుకు ఎంత ఆలస్యంగా వచ్చినా మొదటి వరసలో ఆయన చోటు ఖాళీగానే ఉండేది. నాకు దక్కింది వాళ్ల పొడవూ, నిటారుగా నిలబడే అలవాటూ. ముఖాన్ని మాత్రం ఎనిమిదో ఏట మశూచి తినేసింది.

నమాజుకు ముందు ముఖం కడుక్కుని వజూ చేసుకున్నప్పుడల్లా ఆ గుంటలు వేళ్లకు తగిలేవి. అద్దం చూసుకునేటప్పుడు చదవమని నాన్నగారు ఒక దువా నేర్పారు. అల్లా, నా రూపాన్ని చక్కగా చేసినట్టే నా నడవడినీ చక్కబరచు అని దాని అర్థం. మొదటి సగం నా విషయంలో అబద్ధమనిపించి అద్దం మానేశాను, దువా కూడా మానేశాను. రెండో సగమైనా అడిగి ఉండవలసింది.

పంతొమ్మిది వందల డెబ్బైల్లో నాకు సంబంధాలు చూశారు. మా అంతటివాళ్లెవరూ పిల్లనివ్వలేదు. నా ముఖం చూసి వెనక్కి పోయారో, పెచ్చులూడిన ఇల్లు చూసి పోయారో తెలియదు. చివరికి తిరుపతిలో పరుపులు కుట్టే ఆయన కూతురు కుదిరింది. వాళ్లింట్లో తెలుగే మాట్లాడతారు, పద్ధతులు వేరు. అయినా జల్వా జరగాల్సిందేనని మా మేనత్త పట్టుబట్టింది. నిఖా అయ్యాక ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, తలల మీద ఒకే దుప్పటి కప్పి, మధ్యలో అద్దం పెడతారు. ఒకరి ముఖం ఒకరు మొదటిసారి చూసుకునేది అందులోనే.

ఆమె కళ్లు మెల్లగా పైకి లేస్తున్నాయి. నన్ను చూడగానే ఆ ముఖం ఎలా మారిపోతుందో చూడలేక కళ్లు గట్టిగా మూసుకున్నాను.

“ఏం పెండ్లికొడకా, సూసినావా?” అని బయటినుంచి ఆడవాళ్లు అడిగారు.

“చూసినా.”

“ఏం సూసినాడో ఏమో, గొంతు వణకతా ఉండాది!” అని నవ్వారు.

చిత్తూరు కాపురంలో ఆమె ఏనాడూ నా ఎదురుగా కూర్చోలేదు. అన్నం వడ్డించి గోడవైపు తిరిగేది. నా ముఖమంటే అసహ్యమనుకుని నేనూ పేపరు అడ్డం పెట్టుకున్నాను. పదేళ్లు అలాగే గడిచాయి.

ఎనభైల్లో ఆమె తమ్ముడి పెళ్లికి తిరుపతి వెళ్లాం. మా పెళ్లి చూశాక వాళ్లూ జల్వా పెట్టుకున్నారు. దుప్పటి కప్పుతుండగా మా మరదలు పెళ్లికొడుకును ఆటపట్టించింది.

“కండ్లు బాగా తెరిసి సూడరా. మన బావ మాదిరి మూసుకోబాక.”

“మూసుకున్నాడా?” అని ఎవరో అడిగారు.

“మూసుకోడా మరి! ఖాజీలింటోడు, మా నల్లక్క మొకం యాడ సూస్తాడు?”

అందరూ నవ్వారు. తమలపాకుల పళ్లెం పట్టుకున్న నా భార్య కాస్త ఆలస్యంగా నవ్వింది. నేను వాకిట్లోనే ఉన్నానని వాళ్లకు తెలియదు.

తిరుగు బస్సులో ఆమె నా పక్కనే ఉంది. నీ రంగు చూసి కాదు అంటే, మరెందుకని అడుగుతుంది. నా ముఖానికి నేనే భయపడ్డానని చెప్పాలి. ఖాజీల ఇంటివాణ్ణి, ఆ మాట ఆమెతో ఎలా అనడం? చంద్రగిరి దాటింది, పూతలపట్టు దాటింది. ఊరు వచ్చేసింది.

చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది. ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చి, టోపీ తీయకుండానే చెప్పేశాను. ఆమె నా ముఖం వైపు అంతసేపు చూడడం అదే మొదలు.

“ఈ గుంటలకా? ఆ పొద్దు నాకు మూసిన కండ్లే కనపడినాయి గానీ, ఇవి యాడ కనపడినాయి?” అంది. చెంప తడుముకుంటూ, “శనగపిండి, పసుపు రుద్దుకోని రుద్దుకోని తోలు మండిందే గానీ రంగు మారలా. ఇంక చాల్లే అని మానేసినా” అంది.

ఆమె తప్పేమీ లేదని అప్పుడైనా అనవలసింది. అది అనలేక, పెళ్లినాటి బట్టలు కట్టుకో, మళ్లీ అద్దం పెట్టుకుని ఎదురెదురుగా కూర్చుందాం అన్నాను.

ఆమె లేవలేదు. ఆ ఎర్ర జరీ చీరను పోయిన రంజానుకు ముందే, పాత జరీ కొనడానికి వీధిలోకి వచ్చినవాడికి అమ్మేసింది.