జగ్గమ్మ కొట్టిన ఎలుగు

మా వీధికి కొత్తగా కాపురానికి వచ్చిన ఏ కోడలైనా జగ్గమ్మను మొదటిసారి చూడగానే చూపు పక్కకు తిప్పుకుంటుంది. కుడికంటి కొస నుంచి దవడ దాకా చర్మం ముడుచుకుపోయి ఉంటుంది. పై పెదవి ఒక పక్కకు లాగేసి రెండు పళ్ళు ఎప్పుడూ బయటికే కనబడతాయి. నవ్వుతోందో కసురుతోందో తెలియాలంటే కళ్ళలోకి చూడాలి. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య గోడ ఒకటే. నేను ఆదివారం చర్చికి వెళ్ళే దేవమణిని, ఆమె అమ్మవారి పండక్కి నెత్తిన ఘటం ఎత్తే జగ్గమ్మ. ముప్ఫై ఏళ్ళుగా ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటున్నాం. ఆమె సంగతి రాస్తానంటే వద్దనలేదు. “రాస్తే ఉన్నది రాయి వదినా, నా మీద జాలి పడీసి రాయకు” అంది.

మాది ఉద్దానంలో జీడితోటల ఊరు. పండు వాసనకు కొండ మీంచి ఎలుగులు దిగుతాయి. అందుకే మా ఆడవాళ్ళు తోటకు వెళ్ళేటప్పుడు డబ్బా వాయించుకుంటూ, గట్టిగా మాట్లాడుకుంటూ వెళతారు. పిల్లలకు అక్షరాల కంటే ముందు ఎలుగు సంగతులు చెబుతారు. పరుగెత్తకూడదు, చెట్టెక్కకూడదు, మూతి మీద కొట్టాలి. ఇంకొకటి కూడా చెబుతారు. దెబ్బ తగిలితే ఎలుగు అచ్చం మనిషిలాగే ఏడుస్తుంది, ఆ ఏడుపు విని చెయ్యి ఆపకూడదు.

రెండు వేల పదకొండు ఏప్రిల్లో ఒక తెల్లవారుజామున జగ్గమ్మా, ఆమె భర్త అసిరయ్యా గింజలు ఏరడానికి వెళ్ళారు. అసిరయ్య మొగలిపొద పక్కన వంగి ఉన్నాడు. పొదలో పిల్లతో ఉన్న తల్లి ఎలుగు ఒక్క ఉదుటున మీద పడి అతని భుజం పట్టుకుంది. జగ్గమ్మ చేతిలో పండ్లు దులిపే దోటికర్ర ఉంది. ఎత్తి మూతి మీద ఒకటి వేసింది, రెండోది వేసింది. ఎలుగు అసిరయ్యను వదిలేసి, ముందు కాళ్ళతో మూతి కప్పుకుని ఏడ్చింది. చంటిబిడ్డ పాలకు ఏడ్చినట్టు ఉందట ఆ ఏడుపు. జగ్గమ్మ చెయ్యి ఆగిపోయింది.

ఆ ఆగిన క్షణంలో అది ఆమె ముఖాన్ని గోళ్ళతో చీరేసింది. ఆమె పడిపోయింది. అది వెనక్కి తిరిగి అసిరయ్య గొంతు పట్టుకుంది. పక్క తోటల వాళ్ళు డబ్బాలు వాయిస్తూ పరుగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది. దుప్పట్లో చుట్టి తెచ్చిన అసిరయ్యను నేను చూశాను. గొంతు ఉండవలసిన చోట ఏమీ లేదు.

“ఆపకని మా అత్త లచ్చసార్లు సెప్పింది వదినా. నాను ఆపీసేను” అని ఆసుపత్రిలో కట్ల మధ్య నుంచి నాతో అంది. అప్పుడూ ఏడవలేదు. మరుసటి ఏడాది అదే తోటకు అదే దోటికర్రతో వెళ్ళింది.

ఆరేళ్ళు గడిచాయి. కొడుకు దేవేంద్ర ఊళ్ళో ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టాడు. కోడలు నీలవేణి మంచి పిల్ల. మనవరాలు శ్రావణికి ఆరో ఏడు వచ్చింది. ఆ వేసవిలో దేవేంద్ర ఫోన్లో ఏదో చూసి, విజయనగరం దాటాక కొండ కింద కొత్తగా జంగిల్ పార్కు పెట్టారు, అందరం పోదాం అన్నాడు.

“అడివిలో పుట్టి, అడివి సూడ్డానికి అంత దూరం ఎల్తారేటర్రా” అంది జగ్గమ్మ.

“అది నిజం అడివి కాదత్తా. తాళ్ళూ, ఉయ్యాలలూ ఉంటాయంట” అంది నీలవేణి.

“నానమ్మ రాకపోతే నానూ రాను” అని శ్రావణి అరుగు మీద కూచుంది. దాంతో జగ్గమ్మ ఒప్పుకుంది. వ్యానులో చోటుందని నన్నూ రమ్మన్నారు. చోటు లేకపోయినా నేను వెళ్ళేదాన్నే. పార్కులో ఏముంటుందో చూడకుండా ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు.

పులిహోర, వంకాయ కూర, చల్ల డబ్బా పెట్టుకుని బయలుదేరాం. పార్కు గేటు దగ్గర సిమెంటు ఏనుగు. లోపల చెట్టు నుంచి చెట్టుకు తాళ్ళ వంతెనలు, టైర్ల మెట్లు, గుట్ట మీంచి కిందికి తీగ మీద జారే ఆట. చెట్లకు కట్టిన మైకుల్లో పులులు గాండ్రిస్తున్నాయి. టోపీలు పెట్టుకున్న కుర్రాళ్ళు అందరి నడుములకూ బెల్టులు బిగిస్తున్నారు. ఆ బెల్టు ఎంత బరువు ఆపుతుంది, ఎవరైనా పడ్డారా, పడితే ఏం చేశారు అని నేను అడిగాను. మూడో ప్రశ్నకు ఆ కుర్రాడు, “అమ్మగోరు, మీరు ఎక్కుతారా, ఎంక్వయిరీకొచ్చేరా” అన్నాడు. నేను ఎక్కలేదు.

జగ్గమ్మ మాత్రం టైర్ల మెట్లు ఎక్కింది. చీర దోపుకుని, కుర్రాళ్ళ కంటే ముందు అవతలికి చేరింది. కింద జనం చప్పట్లు కొట్టారు. “నానమ్మ కోతి” అని శ్రావణి ఎగిరింది. “నీ తాత నాకంటే పెద్ద కోతే” అంటూ జగ్గమ్మ దిగింది. అసిరయ్య మాట ఆమె నోట అంత తేలిగ్గా రావడం నేను విన్నది ఆ ఒక్కసారే.

అన్నాలు తిన్నాక అడవి బాట అని ఒకటి ఉందన్నారు. కొండ వారగా వెదురు పొదల మధ్య సన్నటి దారి. మలుపు మలుపుకూ బాణం గుర్తు వేసిన పలకలు, కర్రలకు కొట్టి నేలలో పాతారు. దేవేంద్ర తల్లితో, “నువ్వు ఇక్కడే నీడన కూకో అమ్మా, మేం వెళ్ళొస్తాం” అన్నాడు. రెండుసార్లు అన్నాడు. ఎందుకంతగా చెబుతున్నాడని అప్పుడే అడగవలసింది, నేనూ అడగలేదు. శ్రావణి నానమ్మ వేలు వదల్లేదు. సరేనని అందరం నడిచాం. శ్రావణి ముందు పరుగెత్తింది, దాని వెనక దేవేంద్ర ఫోను పట్టుకుని వీడియో తీస్తూ, తరవాత మేం ముగ్గురం.

మలుపులో సిమెంటుతో కట్టిన గుహ ఉంది. అందులోంచి ఎలుగు వచ్చింది.

నల్లటి బొచ్చు, తెల్లటి మూతి, రెండు కాళ్ళ మీద లేచి నిలబడింది. శ్రావణి కెవ్వుమంది. ఎలుగు రెండు చేతులూ చాచి దాన్ని ఎత్తుకుంది. అది మనిషి వేసుకున్న వేషమని తెలియడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. జీన్సు ప్యాంటు అంచు బొచ్చు కింద నుంచి కనబడింది. “వేషమే వదినా” అనబోయి పక్కకు తిరిగాను. పక్కన జగ్గమ్మ లేదు.

బాణం గుర్తు పలకను కర్రతో సహా నేలలోంచి పెరికేసింది. మొదటి దెబ్బ వాడి మోకాలి మీద పడింది. వాడు కూలబడ్డాడు, శ్రావణి జారి పక్కకు దొర్లింది. రెండో దెబ్బ మూతి మీద. పలక విరిగి ఎగిరిపోయి, మేకులున్న కర్ర చేతిలో మిగిలింది. మూడో దెబ్బకు ముసుగు లోపల ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఎండు కొబ్బరి మట్ట విరిగినట్టు.

“అమ్మా, నాను మనిసిని, అమ్మా” అని వాడు లోపలి నుంచి ఏడ్చాడు. ఆ ముసుగులోంచి మాట సరిగా రాలేదు, ఏడుపు మాత్రం వచ్చింది. ఏడుపు వచ్చేకొద్దీ జగ్గమ్మ ఇంకా గట్టిగా కొట్టింది. కట్టెలు కొట్టే మనిషిలాగా ఊపిరి బిగబట్టి, ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి. చేతులు అడ్డం పెడితే చేతుల మీద కొట్టింది. తెల్లటి మూతి గుడ్డ ఎర్రబడి, కారడం మొదలుపెట్టింది. నీలవేణి నడుం పట్టుకుంటే మోచేత్తో తోసేసింది, నీలవేణి పెదవి చిట్లింది. దేవేంద్ర ఫోను పారేసి వచ్చి కర్ర పట్టుకున్నాడు.

“అమ్మా, వేషమే అమ్మా, మనిషి, మనిషి.”

కొడుకునీ ఒకటి వేసింది. చివరికి నేను వెనక నుంచి ఆమె జుట్టు పట్టుకుని, నా బరువంతా వేసి వెనక్కి లాగాను. ఇద్దరం కలిసి పడ్డాం. దేవేంద్ర వాడి ముసుగు లాగాడు.

లోపల నలభై ఏళ్ళ మనిషి. ముక్కు ఒక పక్కకు ఒరిగిపోయింది. ఎడమకన్ను మూసుకుపోయి, దాని కింద మేకు దిగిన గాటులోంచి రక్తం బుడగలు బుడగలుగా వస్తోంది. నోట్లోంచి ఒక పన్ను వేషం బొచ్చు మీద పడింది. జగ్గమ్మ నేల మీద కూర్చుని ఆ ముఖం చూసింది. తరవాత తన చేతిలోని కర్ర చూసుకుంది. శ్రావణి ఆమె దగ్గరకు వెళ్ళలేదు, తల్లి చీర వెనక దాక్కుంది.

అతని పేరు గంగులు. ఆ పక్క ఊరివాడే. జాతరల్లో పులి వేషం కట్టేవాడు, పార్కు పెట్టాక రోజుకూలికి ఎలుగు బొచ్చు తొడిగారు. పిల్లలను ఎత్తుకుని ఫోటోలు దిగడం అతని పని. ఆ ఎలుగు వేషం వీడియో ఊళ్ళో ఉండగానే ఫోన్లో చూసిన దేవేంద్ర, “మన శ్రావణి గుంట నవ్వుతాదనుకున్నాను అత్తా. అమ్మ నీడనే ఉండిపోతాదనుకున్నాను” అని వ్యానులో తల బాదుకున్నాడు. గంగులును ఆ వ్యానులోనే పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. దారంతా జగ్గమ్మ తన కొంగుతో అతని ముఖం అదిమి పట్టుకుంది.

కన్ను ఉంటుందో పోతుందో రేపటికి గాని చెప్పలేమన్నారు డాక్టర్లు. మెదడుకు దెబ్బ తగిలిందేమో చూడాలన్నారు.

సాయంత్రానికి పార్కు మేనేజరు వచ్చి దేవేంద్రను వరండా చివరికి పిలిచాడు. నేను మంచినీళ్ళ కుండ దగ్గరకు వెళ్ళినట్టు వెళ్ళి విన్నాను. గంగులు తాగి, గుహ మీంచి జారిపడ్డాడని రాయించేద్దాం, మీకు కేసుండదు, మాకు చెడ్డపేరుండదు అంటున్నాడు. దేవేంద్ర తల ఊపుతున్నాడు. నేను వెళ్ళి ఉన్నది ఉన్నట్టు జగ్గమ్మకు చెప్పాను.

“తాగేడంటే ఆడి వైద్యం ఎవలు సూస్తారు” అంది ఆమె.

“ఎవలూ సూడరు. పనీ తీసేస్తారు.”

ఆమె లేచి, వార్డు గుమ్మంలో కాగితాలతో నిలబడ్డ హెడ్డు కానిస్టేబుల్ దగ్గరకు వెళ్ళింది.

“ఆడు పడిపోనేదు బాబూ. నాను కొట్టేను. రాసుకోండి.”

“అమ్మా నువ్వు ఊరుకో” అని దేవేంద్ర పరుగెత్తుకొచ్చాడు. “ఈవిడకి తెలవదు సార్. ఎలుగనుకుంది.”

“అనుకున్నాను. ఆడు ఏడవడం కూడా ఇన్నాను. ఇని కొట్టేను. అదీ రాయండి.”

“జైలుకెళ్తావమ్మా” అన్నాడు హెడ్డు.

“ఎల్తాను.”

అప్పుడే గంగులు భార్య లక్ష్మణమ్మ వచ్చింది. ఉపాధి పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్ళ నిండా మట్టి. మంచం మీద భర్తను చూసింది. ఎవరు అని అడిగింది. జగ్గమ్మ “నానే” అంది. లక్ష్మణమ్మ చెంప మీద కొట్టింది. చీరుకుపోయిన చెంప మీదే కొట్టింది. రెండోసారి, మూడోసారి కొట్టింది. జుట్టు పట్టి తలను గోడకు కొట్టింది. దేవేంద్ర అడ్డం రాబోతే జగ్గమ్మ చెయ్యెత్తి వద్దంది. నుదురు చిట్లి కంటిలోకి రక్తం కారుతున్నా చేతులు కిందే పెట్టుకుంది. “నా మొగుణ్ణి గొడ్డును కొట్టినట్టు కొట్టేవు, నీకు సేతులెలగ వచ్చేయే” అని లక్ష్మణమ్మ అలిసిపోయేదాకా కొట్టింది. నర్సులు వచ్చి విడదీశారు.

మంచం మీంచి గంగులు ఏదో అన్నాడు. పెదవులు వాచి మాట ముద్దగా వచ్చింది. హెడ్డు వంగి రెండుసార్లు అడిగాడు.

“ఆవిడే కొట్టిందని రాయండి. ఎలుగనుకుని కొట్టిందనీ రాయండి. నాను తాగనేదు. మూడూ రాస్తేనే ఏలిముద్ర ఏస్తాను.”

మేనేజరు అప్పటికే మెట్లు దిగి వెళ్ళిపోయాడు. హెడ్డు విసుక్కుంటూ మూడూ రాశాడు.

మర్నాడు కన్ను నిలబడుతుందని, చూపు మాత్రం సగమే ఉంటుందని చెప్పారు. స్టేషన్లో జామీను కాగితం మీద సంతకం పెట్టి జగ్గమ్మ మళ్ళీ ఆసుపత్రికే వచ్చింది. కొడుకు పిలిచినా ఊరికి రానంది. లక్ష్మణమ్మకు ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు, ఒక ముసలి అత్త. ఆ సాయంత్రం ఆమె గంజి గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడి, చివరికి దాన్ని జగ్గమ్మ చేతిలో పెట్టింది.

“నాను ఇంటికెల్లి రావాల. నువ్వే పట్టు. పారబోస్తే మాత్రం నీ పని సెప్తాను.”

జగ్గమ్మ గ్లాసు అతని నోటి దగ్గరకు తీసుకెళ్ళింది. గంగులు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు ఒత్తిగిలిపోయాడు. ఆమె గ్లాసు స్టూలు మీద పెట్టి, బయటికి వచ్చి గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. నర్సు వచ్చి తాగించింది. రెండోనాడూ అంతే. మూడోనాడు జగ్గమ్మ పట్టిన గ్లాసులోంచే తాగాడు, కళ్ళు మూసుకుని.