బోణీ వేళ కసువు ఊడ్చిన కంప్యూటరు

2002లో ధర్మవరంలోని ఒక పట్టుచీరల అంగడిలో దేవుడి పటానికి స్థానభ్రంశం కలిగించిన ఘనుణ్ని నేనే. అగరొత్తుల పొగ ఫ్యాన్‌లోకి పోయి కంప్యూటరు మందగించిందని నా నిర్ధారణ. పటాన్ని పక్క గోడకు మార్పించాను.

హిందూపురంలో నాది చిన్న రిపేరు షాపు. ఆ అంగడి కంప్యూటరులో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, బిల్లులు కొట్టే ఏర్పాటు చేయడం నా మొదటి పెద్ద కాంట్రాక్టు. పొద్దున అంగడి తెరవగానే అది మొరాయిస్తోందని ఫోనొచ్చేది. నేను రైలెక్కి, పెనుకొండలో టీ తాగి, ధర్మవరం చేరేసరికి బుద్ధిమంతుడిలా పనిచేస్తూ ఉండేది.

ఒకరోజు ముందు రైలుకే వెళ్లాను. నల్లచెరువు నుంచి పెండ్లిచీరలకు వచ్చినవాళ్లు బిల్లు కోసం నిలబడ్డారు. హార్డ్ డిస్క్ గరగరమంటోంది, బిల్లు రాదు. "బస్సు పోతాదన్నా, పక్కంగట్లో చూసుకుంటాం" అని చీరలు అక్కడే పెట్టి వెళ్లిపోయారు.

బోణీ బేరం పోయింది. యజమాని వెంకటరమణప్ప నావైపు తిరిగాడు.

"ఏమప్పా ఇంజనీరూ, దేవుణ్ని కదిలిస్తివి. మిషను మాత్రం కదల్లేదే! శుక్రవారం లోపల దీన్ని ఎత్తుకోని పో."

గురువారం పొద్దున ఆయనే ఫోన్ చేశాడు. "ఏం చేసినావప్పా? ఈపొద్దు గుర్రం మాదిరి పోతాండాది!"

"నేనేం చేయలేదన్నా. మీరేం చేసినారు?"

"నేనా? రాత్రి పెండ్లికి పోతి. మెయిన్ స్విచ్ తీసేది మర్చిపోతి, మిషను తెల్లార్లూ ఆన్‌లోనే ఉండాది."

అప్పుడు వెలిగింది. ఫైళ్ల జాబితాను తాజా చేయడం, లాగ్‌లనే పాత పనుల చిట్టాలను సర్దడం లాంటి ఇంటిపనులు లైనక్స్‌కు రోజూ ఉంటాయి. ఎవరికీ అడ్డురాకుండా వాటిని తెల్లవారుజామున చేయించేది క్రాన్ అనే ప్రోగ్రాం. ఆ వేళకు మిషను ఆగి ఉంటే, బాకీపడ్డ పనులను ఆన్ చేసిన కాసేపటికి మొదలుపెట్టేది అనాక్రాన్ అనే ఇంకో ప్రోగ్రాం. వెంకటరమణప్ప రోజూ మెయిన్ తీసి, తాళాన్ని మూడుసార్లు లాగి చూసిగానీ ఇంటికి పోడు. పాపం, అది రాత్రి ఊడ్వాల్సిన కసువును పొద్దున గిరాకీల కాళ్ల మధ్య ఊడుస్తోంది.

"అయితే రాత్రిళ్లు ఆన్‌లోనే పెట్టండన్నా" అన్నాను.

"పట్టు ఉండే అంగడప్పా ఇది. నిప్పురవ్వ పడితే నీ లైనక్స్ ఆర్పుతాదా?"

ఆయన మాటా నిజమే. అప్పటినుంచి ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా, దాని రాత్రి సంగతి అడిగాకే మూత విప్పుతున్నాను.

అంగడిలో బేరాలుండని వేళ ఒక్కటే, మధ్యాహ్నం రెండు. భోంచేసి వెంకటరమణప్ప కంప్యూటరు పక్కనే పరుపు మీద నడుం వాల్చే వేళ. అనాక్రాన్‌ను ఆపి, పనులన్నీ సరిగ్గా రెండు గంటలకు పెట్టాను. పొద్దున బిల్లులు పరుగెత్తాయి. కాంట్రాక్టు నిలిచింది.

వారానికి ఫోనొచ్చింది. "ఏమప్పా, నేను కన్ను మూస్తానే గరగరమంటాదే ఇది!"

"కసువు ఊడుస్తాంది లేన్నా," అన్నాను. "మీరు కొంచెం పక్కకు జరగండి, దేవుడు జరిగినాడు కదా!"