రాతి మడుగు గట్టున వేలాడిన టోకెను

భిలాయి నుంచి రాజ్‌హరా గనుల వైపు బండి వేసుకుని వెళ్లేవాళ్లకు ఆ దారిలో ఒక రాతి మడుగుందని చెప్పడానికి ఇది రాస్తున్నాను. నేను చూసి అరవై ఏళ్లు కావస్తోంది. మడుగు లేచి ఎటూ పోదు గనక అక్కడే ఉండాలి. మేం బయల్దేరింది మాత్రం విహారానికి కాదు, ఒక రాజీనామా కాయితం వల్ల. మా బావమరిది అప్పలస్వామిని భీమిలి నుంచి రప్పించి, నేను పనిచేసే భిలాయి ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనికి పెట్టించింది నేనే. సముద్రంలో ఈదుతూ పెరిగినవాడు. రెండేళ్లు ఆ సెగలో నిలబడి, మే నెలలో ఒక శనివారం సాయంత్రం సెక్టర్ నాలుగులోని మా క్వార్టరుకు వచ్చి కాయితం చూపించాడు.

"సోమవారం ఇచ్చెత్తాను బావా. మా ఊర్లో లెగిస్తే సెవుల్లో కెరటం. ఇక్కడ లెగిస్తే సైరను. నాను ఎల్లిపోతాను."

మా ఆవిడ గిన్నెలు కాస్త గట్టిగా కడిగింది. ఈ ఊళ్లో ఆమెకు పుట్టింటి మనిషంటే ఆ తమ్ముడొక్కడే. "ఆదివారం ఒక్కటీ నాకియ్యరా, నీళ్లు చూపిస్తాను," అన్నాను వాడితో.

జీపు డ్రైవరు బిసాహు ఆ మడుగు పక్క పల్లెవాడే. ముప్పై రూపాయలకు ఒప్పుకున్నాడు, పెట్రోలు మాది. తెల్లవారి ఐదింటికి బయల్దేరి, దుర్గ్‌లో టీ తాగి, ఎనిమిదింటికల్లా బాలోద్ దాటాం. అక్కణ్ణుంచి కొంతదూరం పోయాక తారు రోడ్డు వదిలి, ఎడమకు నాలుగు మైళ్ల బండి బాట. చెట్టు లేదు, పక్షి లేదు. ఎర్ర రాయి, ఎర్ర దుమ్ము, వాటి మీద ఎండ. ఎడారికి ఇసుకే ఉండాలని పుస్తకాల్లో రాస్తారు గానీ, రాసినవాళ్లు ఆ బాటన జీపులో పోయి ఉండరు.

"ఏటి బావా, నీళ్లన్నావు, నిప్పుల్లోకి తెచ్చినావు. ఇంతకన్నా ఓవెనే నయిం," అన్నాడు అప్పలస్వామి.

బిసాహు నవ్వాడు. "ఉహాఁ దహరా హవయ్ భయ్యా. గరమీ మ ఘలో నఇ సూఖయ్." అక్కడ లోతు మడుగుంది, ఎండాకాలంలోనూ ఎండదు అని.

పది దాటాక జీపు ఆగింది. నేల ఒక్కసారిగా చీలినట్టుంది. రెండు రాతి గోడల మధ్య నీళ్లు. పచ్చగా, కదలకుండా, ఆ దుమ్ముతో తమకేమీ చుట్టరికం లేనట్టు. నీడ దగ్గర ఆ పచ్చ నల్లబడి, ఇక లోపలికి చూపు పోలేదు. బిసాహు చెప్పులు విడిచాడు. నేనూ విడిచాను. అప్పలస్వామి అప్పటికే గట్టు అంచుకు పోయి వంగి చూస్తున్నాడు.

ఇక్కడ కొంచెం పక్కదారి పట్టాలి. ప్లాంటులో ప్రతివాడికీ నంబరు కొట్టిన ఇత్తడి టోకెను ఉండేది. లోపలికి పోయేటప్పుడు బోర్డుకు తగిలించాలి, బయటికొచ్చేటప్పుడు తీసుకోవాలి. షిఫ్టు దిగాక కూడా వేలాడుతుంటే మనిషి లోపలే చిక్కుకున్నాడని లెక్క. ఒకసారి మావాడు టోకెను మరిచి ఇంటికొచ్చి నిద్రపోతే, వాడి తోటివాళ్లు రెండు గంటలు వెతికారు.

అప్పలస్వామి చొక్కా విప్పి, టోకెను తీసి గట్టు మీది ముళ్లపొదకు తగిలించాడు. "లోనికెల్తే టోకెను ఎయ్యాల కదేటి! సూస్తుండు బావా." దూకాడు. నాకు ఈత రాదు. మా విజయనగరంలో నేను దిగిన లోతైన నీళ్లు గంగాళంలోవే. బిసాహు జీపు దగ్గరికి పోయాడు, కాపలా నా పని. కాపలా కాస్తూ కునుకు తీశాను.

లేచేసరికి టోకెను ఎండలో మెరుస్తోంది. నీటి మీద ముడత లేదు. రెండుసార్లు పిలిచాను. గోడలు నా గొంతే నాకు తిప్పికొట్టాయి. టోకెను ఉందంటే మనిషి లోపల ఉన్నాడు. ప్లాంటులో ఇన్నేళ్లూ నేర్చుకున్నది అదొక్కటే. వాళ్లప్పకు, మా ఆవిడకు, ఏం చెప్పాలి? దూకేశాను.

మునిగిపోతూ కూడా కళ్లు తెరిచే ఉన్నాను. భయం అందేలోపు ఒక్క క్షణం, మీరు నవ్వినా సరే రాస్తాను, పరమానందం కలిగింది. పైనుంచి ఎండ బంగారు కమ్మీల్లా దిగుతోంది. వాటి మధ్య వేలెడంత చేపలు నన్ను లెక్కచేయకుండా పోతున్నాయి. ఈ మండే నేల ఇంత చల్లదనాన్ని ఎక్కడ దాచుకుందో! అంతలో ఎవరో జుట్టు పట్టి పైకి లాగారు.

అప్పలస్వామే. వంపు తిరిగి అవతలి ఒడ్డెక్కి, అక్కడ మేకలు కాస్తున్న ముసలమ్మ పెట్టిన బాసీ తింటూ, నా కేక విని ఈదుకొచ్చాడట. బాసీ అంటే మన చద్దన్నమే. మెతుకులు ఇంకా మూతి మీదే ఉన్నాయి. నేను దగ్గి, కక్కి, ఏడ్చి, పొద వైపు చెయ్యి చూపించాను. వాడి ముఖం పాలిపోయింది.

"మర్సిపోనాను బావా." వాడు పోయి టోకెను తీసి గుప్పిట పట్టుకున్నాడు. "ఈతరానోడివి, నువ్వు టోకెను ఎయ్యకుండా దిగిపోనావేటి? నిన్నెవులెతుకుతారు?"

రెండింటికి బయల్దేరి దీపాల వేళకు ఇల్లు చేరాం. గుమ్మంలోనే వాడు వాళ్లప్పతో, "బావకి ఈత నేర్పాల. నాలుగైదేళ్లు పడతాది," అన్నాడు. సోమవారం పొద్దున మా ఆవిడ ఆ కాయితంతోనే సిగ్డీ, అదే బొగ్గుల కుంపటి, అంటించింది.

వాడు రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాడు. నాకు ఈత ఇప్పటికీ రాలేదు, నేర్పినవాడి తప్పు లేదు. గొప్ప చోట్లు చాలా చూశాను గానీ, నీళ్ల అడుగు నుంచి చూసిన ఆ వెలుతురుకు సాటి దొరకలేదు. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: దిగేముందు మీదంటూ ఒక వస్తువు గట్టున తగిలించి దిగండి. పైకి రాగానే, ఎవరెంత ప్రేమగా అన్నానికి పిలిచినా సరే, ముందు దాన్ని తీసుకోండి.