రెండో తిప్పు

తాళాలు బాగుచేసే అతణ్ణి ఊళ్ళో ‘వంద తిప్పుల మేస్త్రి’ అనేవారు. ఏ తాళమైనా లెక్కపెట్టి వందసార్లు తిప్పి చూడనిదే చేతికిచ్చేవాడు కాదు. ఆ ఎగతాళి వెనక ఏడు చావులున్నాయి. నలభై ఏళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం పత్తి మిల్లు గోదాము అంటుకుంది. లోపల పనిలో ఉన్న ఏడుగురు ఆడవాళ్ళు తలుపు తెరుచుకోక కాలిపోయారు. తాళం బిగుసుకుపోయిందన్నారు, బూడిదలో వెతికినా అది దొరకలేదు. అది అతని తండ్రి చేసిన తాళం. ఆ తరవాత తండ్రి పెట్టె తాళాలే తప్ప తలుపు తాళం చేయలేదు. తన తప్పు కాదని ఒక్కనాడూ అనలేదు.

ఇప్పుడు ఆ గోదాము గోడ పడగొడుతుంటే దొరికిందని పాతసామాన్లవాడు ఒక తుప్పు ముద్దను తెచ్చి బల్లమీద పెట్టాడు.

“మీ నాన్న చేతి పనే మేస్త్రీ. కాస్త చూసిపెట్టు. తిప్పడం మాత్రం యాభైకి ఆపెయ్, ఇంటి దగ్గర నాకు పెళ్ళాం పిల్లలున్నారు.”

మేస్త్రి నవ్వలేదు. తాళాన్ని రెండు రోజులు కిరసనాయిలులో నానబెట్టి, మరలు విప్పి, పైరేకు తీశాడు. మంటకు స్ప్రింగు మెత్తబడింది కాని విరగలేదు. లోపలివైపు తిప్పే పిడి ఇరుసు వంగలేదు. గడియ ఎంత బయటికొచ్చిందో కొలిచాడు: అరంగుళం. మళ్ళీ కొలిచాడు.

ఆ తాళానికి రెండు తిప్పులు. ఒక తిప్పుకు గడియ పావంగుళమే వస్తుంది. లోపలివాళ్ళు పిడి తిప్పుకుని బయటపడవచ్చు. రెండో తిప్పు పడితే పిడి పనిచేయదు. బయటినుంచి తాళంచెవి ఒక్కటే దిక్కు. తండ్రి చేసిన చెవి ఒకటే. అది ఆ రోజుల్లో మిల్లులో హాజరు వేసే మేనత్త దగ్గర ఉండేది. ‘ఒక్క తిప్పే తిప్పాను, పిడి బిగుసుకుంది’ అని విచారణలో చెప్పింది ఆవిడే.

మేనత్త అతని ఇంట్లోనే వెనక గదిలో ఉంటోంది. ఊపిరాడదంటూ ఇన్నేళ్ళూ ఆ గది తలుపు మూయనివ్వలేదు, అతను నమ్మాడు. ఇప్పుడు ఆ తెరిచిన తలుపును చూస్తేనే అనుమానం కలిగింది.

తాళాన్ని ఆవిడ మంచం మీద పెట్టాడు.

“ఎన్ని తిప్పులు తిప్పావత్తా?”

“కొలిచే ఉంటావుగా. నన్నెందుకు అడగడం?”

“నీ నోటితో విందామని.”



“ఆ ఆడవాళ్ళు పిల్లలకి పాలివ్వాలని మాటిమాటికీ ఇళ్ళకి పోయేవాళ్ళు. యజమాని నన్ను నానా మాటలూ అన్నాడు. పది నిమిషాలే కదా అని రెండోది కూడా తిప్పి, హాజరు పుస్తకం పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాన్రా. తిరిగొచ్చేసరికి మంట నన్ను తలుపు దగ్గరికి పోనివ్వలేదు.”

“నాన్నకి తెలుసా?”

“చేసినవాడికి తెలియకుండా ఉంటుందా? వాడు అడగలేదు. నేనూ చెప్పలేదు.”

దిండు గలీబులోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది. ఒక్క తిప్పు వెనక్కి తిప్పితే చాలు, గడియ పావంగుళానికి వస్తుంది. ఆవిడ విచారణలో చెప్పిందే నిజమై నిలుస్తుంది. చెవి కన్నంలో సరిగ్గా ఇమిడింది. వంద తిప్పులకు అలవాటుపడ్డ వేళ్ళు కదలలేదు. తిప్పకుండానే చెవిని బయటికి తీశాడు.

“ఆ ఏడిళ్ళవాళ్ళకీ కబురు పెడతాను. అందరి ముందూ కొలిచి చూపిస్తాను.”

“నీ కొలతలు వాళ్ళకేం అర్థమవుతాయి? నా చెప్పులు ఇలా తెచ్చిపెట్టు. ఏడు గడపలూ నేనే ఎక్కుతాను.”