దోనె కదపనన్న సాయంత్రం

మొన్న సాయంత్రం ఏలూరులో మా మనుమరాలు బడి నుండి వస్తూనే, చొక్కాకు గుచ్చుకున్న లీడరు బ్యాడ్జీని నా కళ్లజోడుకు ఆనేటంత దగ్గరగా పెట్టి చూపించింది. సంతోషించాను. కాని బిళ్లను చూసి తృప్తిపడే స్వభావం నాది కాదు గనుక, ఆ పదవితో నీకు వచ్చిన అధికారమేమిటని అడిగాను. ప్రార్థనవేళ అందరికంటె ముందు నిలబడతానని, అతిథులు వస్తే పూలగుత్తి అందిస్తానని చెప్పింది. ఆ జవాబు విన్నది మొదలు నా మనస్సు కొల్లేటి నీళ్లమీదనే తిరుగుతున్నది.

మాది కొల్లేటి నడుమ లంకగ్రామం. చేపలవేట మా ఇళ్ల జీవనం. యాభైల నాటి మాట. హైస్కూలు అవతలి గట్టున ఉండేది. మగపిల్లలు తమ దోనె తామే నడుపుకొని వెళ్లేవారు. ఈడు వచ్చిన ఆడపిల్లలు వారి దోనెలో ఎక్కడం ఊరికి సమ్మతం కాదు గనుక, మమ్మల్ని తాత వరసయ్యే ఒక ముసలాయన వేరే దోనెలో దాటించేవాడు. ఒక వర్షాకాలం ఆయన మంచం పట్టాడు. కులపెద్ద అయిన మా పెదనాన్న, ఆడపిల్లల చదువు అంతటితో చాలునని తేల్చివేశాడు.

ఆ సంగతి తెలిసి, తాడేపల్లిగూడెం నుండి వచ్చి మా బడిలో పనిచేస్తున్న పంతులమ్మగారు, చేపల దోనె ఒకటి మాట్లాడుకొని, చీరె కుచ్చెళ్లు తడుపుకుంటూ మా ఊరికి వచ్చారు. పెద్దల ఎదుట ఆడవారు నేలమీద కూర్చునే ఆ రోజుల్లో, ఆవిడ నిలబడే మాట్లాడారు. నేను గేదెలకు గడ్డి తేవడానికి గడ వేసి దోనె నడుపుతుంటానని ఎవరో ఆవిడకు చెప్పారట. ఆడపిల్లలను బడికి దాటించడానికి ఆ గడకర్రే నా చేతికిమ్మని అడిగారు.

“గడ్డికెళ్లడం వేరండీ టీచరుగారూ. గడ్డి మునిగితే మళ్లీ కోసుకుంటాం” అన్నాడు పెదనాన్న. చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఆవిడ నవ్వలేదు, కదలలేదు. చివరకు ఆయన ఒక షరతు పెట్టాడు: దీపాలవేళకు దోనె రేవులో ఉండాలి, ఒక్కనాడు తప్పినా అందరి చదువూ ఆఖరు.

మరునాడు పంతులమ్మగారు నన్ను దోనెకు లీడరుగా నియమించి, ఎవరెక్కడ కూర్చోవాలో నాచేతనే నిర్ణయింపజేశారు. నడినీటిలో ఎవరూ లేచి నిలబడరాదు, నా మాటకు ఎదురు చెప్పరాదు. వాతావరణం బాగులేదనిపిస్తే ఆనాటికి ప్రయాణం లేదని చెప్పే హక్కు కూడా నాదేనన్నారు. మిగిలినవన్నీ అర్థమైనవి గాని, ఆ చివరి మాట బరువు నాకప్పుడు తెలియలేదు.

వానలు ముదిరిన ఒక సాయంత్రం, పెదనాన్నకు మా క్రమశిక్షణ స్వయంగా వివరించాలని పంతులమ్మగారు కూడా మాతో బయలుదేరారు. అందరూ దోనెలో సర్దుకున్నారు. నేను గడ ఎత్తబోతూ ముందుకు చూశాను. గాలి తిరిగింది, నీళ్లమీద పెరిగే గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా కదిలి, కిక్కిస పొదల నడుమనున్న మా దారిమీదకు వస్తున్నది. దారి మూసుకుపోతే నడిమధ్య ఇరుక్కుంటాము. ఆ గాలికి దోనె పక్కకు ఒరిగితే పట్టుకొనేందుకు ఏమీ ఉండదు. వెళ్లకపోతే దీపాలవేళ దాటుతుంది, చదువు పోతుంది. గడను దోనెలో అడ్డంగా పెట్టేశాను.

“దిగండి టీచరుగారూ. ఇవాళ కదపనండి.”

“అందరం ఎక్కి కూర్చున్నాక ఆగిపోతామా అమ్మాయ్? మీ పెదనాన్నగారికి ఏం చెబుతావు?”

“మీరే చెప్పారు కదండీ, ఆ హక్కు నాదని.”

ఆవిడ ముఖం ఒక్కసారి ఎర్రబడింది. పిల్లలందరూ ఆవిడవైపే చూస్తున్నారు. ఆవిడ అందరికంటె ముందుగా తానే దిగి గట్టున నిలబడ్డారు. మా పిన్ని కూతురు ఇక చదువు పోయిందని వెక్కి వెక్కి ఏడ్చింది. చీకటి కమ్మువేళకు అవతలివైపు లాంతరు వెలుగు కనిపించింది. కాని అది ముందుకు రాదు, వెనక్కూ పోదు. మేము గట్టుమీదనే చూస్తూ ఉండిపోయాము.

ఎంతోసేపటికి పెదనాన్న దోనె గట్టు చేరింది. మమ్మల్ని వెదకబోయి, ఆ గుర్రపుడెక్కలోనే చిక్కుకొని, తోడు వచ్చినవాడితో కలిసి నీళ్లలోకి దిగి తోసుకుంటూ వచ్చాడట. నడుం వరకు బురద. మమ్మల్నందరినీ ఒక్కొక్కరిగా తేరిపార చూశాడు. పంతులమ్మగారు నోరు తెరవబోతే చేయి అడ్డుపెట్టాడు.

“ఎవరాపారు దోనెని?”

నేను ముందుకు వచ్చాను. ఆయన చేతిలోని లాంతరు కింద పెట్టాడు. తరువాత, “రేపు గాలి చూసుకుని బయల్దేరండమ్మడూ. పొద్దుపోతే గట్టుమీదే ఉండండి, నేనొస్తాను” అని, తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. దీపాలవేళ షరతు ఇక ఎవరూ ఎత్తలేదు. ఆ దోనెలోని మేమందరమూ హైస్కూలు చివరి పరీక్షలదాకా చదివాము.

తరువాత నేనూ ఉపాధ్యాయురాలినై, లీడరుగా ఎన్నుకొన్న ప్రతి బాలికకూ మొదట అప్పగించినది వద్దని ఆపే ఆ హక్కునే. అది వినియోగించి కొందరు నన్నే ఆపారు. కోపం వచ్చినా, పిల్లలతోపాటు వరుసలో నిలబడి విన్నాను.

ఇప్పుడు ఆ దారిలో చేపల చెరువుల గట్లు, వాటి పక్కన తారురోడ్డు. ఆడపిల్లలు బస్సులో చక్కగా వెళ్లివస్తున్నారు. అది నేను కోరుకున్నదే. కాని నా మనుమరాలి బ్యాడ్జీ చూసినప్పుడు, ఆ పిల్ల ఎప్పుడైనా వద్దని చెబితే, అందరికంటె ముందు దిగి గట్టున నిలబడే పంతులమ్మ ఆ బడిలో ఉన్నదా అని మనస్సు వెదుక్కుంటున్నది.